చిల్లు కాణీలో పోయిన ముక్క

పాత ఐదు రూపాయల నోటు మీద ట్రాక్టరు బొమ్మ ఉంటే ఏడు లక్షలు, పాత నాణెమైతే ఇంకా ఎక్కువ ఇస్తారని ఎవరి ఫోనులోనో వచ్చిన రోజు నుంచి మా గరికెపూడిలో ట్రంకుపెట్టెలకి తీరిక లేకుండా పోయింది. అటకలు ఖాళీ చేశారు. గోనెసంచులు దులిపారు. చచ్చిపోయిన ముసలమ్మల పరుపులు విప్పి దూదిలో చేతులు పెట్టి మరీ వెతికారు. నోటో నాణెమో దొరికినవాళ్ళకి ఆ ఫోను పెద్దమనిషి ఒకే ఒక్క షరతు పెట్టాడు: ముందు రిజిస్ట్రేషన్ ఖర్చులకి రెండు వేలు పంపాలి. పంపారు. పంపిన మర్నాటి నుంచి ఆ ఫోను ఎత్తేవాడు లేడు.

మోసపోయింది మా ఊరివాళ్ళొక్కరే అయితే ప్రభుత్వం నిద్ర చెడగొట్టుకునేది కాదు. ఎవరో పెద్ద అధికారి బావమరిది కూడా పంపాడట. నెల తిరక్కుండా జీవో వచ్చింది. మోసగాడు రోజుకో నంబరు మారుస్తాడు, వాణ్ణి పట్టుకోవడం కష్టం. నాణేలు ఎక్కడివక్కడే ఉంటాయి. కాబట్టి వాటిని పట్టుకోవడమే ప్రజాహితమని అందులో విపులంగా రాశారు.

అలా పుట్టింది 'పురాతన నాణేల ప్రామాణీకరణ మరియు శ్రేణి నిర్ధారణ ప్రాధికార సంస్థ'. జిల్లాకి ఒకటి. యాభై ఏళ్ళు దాటిన నాణెం ఎవరి దగ్గర ఉన్నా తొంభై రోజుల్లో తెచ్చి చూపించాలి. సంస్థ వారు దాన్ని పరీక్షించి, అసలో నకిలీయో తేల్చి, డెబ్బైకి ఇన్నని మార్కులు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీలు వేసి ఇస్తారు. మార్కులు వందకి కాకుండా డెబ్బైకే ఎందుకని అడిగితే ప్రపంచమంతటా అంతేనన్నారు. చూపించని నాణేన్ని 'అనామక లోహం' అంటారు. అనామక లోహాన్ని కరిగిస్తారు.

ఈ జీవోతో మా ఊళ్ళో నిజంగా అన్నం సహించనిది ఒక్కడికే. గుడిమెట్ల పిచ్చేశ్వరరావు బాబాయ్‌కి.

బాబాయ్ ముప్ఫై మూడేళ్ళు బస్సు కండక్టరు. ఉద్యోగంలో చేరిన ఏడు, మిరపకాయల కోతకి పోతున్న ఒక ముసలామె టిక్కెట్టుకి చిల్లర తక్కువైతే, కొంగుముడి విప్పి చిల్లు కాణీ ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టింది. మధ్యలో గుండ్రంగా బొక్క ఉన్న రాగి నాణెం. తెల్లవాళ్ళ నాటిది. ఎప్పుడో చెల్లకుండా పోయింది. "ఇది తీసుకుంటావా నాయనా?" అంది. బాబాయ్ తీసుకున్నాడు. టిక్కెట్టు డబ్బులు తన జేబులోంచి సంచిలో వేశాడు. ఆ రాత్రి ఆ కాణీని లాంతరు దగ్గర పెట్టుకుని చూసినవాడు చూస్తూనే ఉండిపోయాడట. అక్కణ్ణించి మొదలు. తోలుసంచిలో పడ్డ పాత నాణేనికల్లా తన డబ్బు వేసి తీసుకోవడం, సెలవురోజున సంతల్లో, పాత ఇత్తడి కొట్లలో తిరిగి కొనుక్కోవడం. అంచు చూస్తాడు. అక్షరాల లోతు చూస్తాడు. అచ్చు గుద్దిన నాణేనికి ఒళ్ళు నున్నగా ఉంటుందనీ, పోత పోసిన నకిలీకి అమ్మవారు పోసిన మొహంలా సన్నటి గుంటలుంటాయనీ నాకు భూతద్దం ఇచ్చి చూపించింది ఆయనే. నలభై ఏళ్ళలో నాలుగు వందల పన్నెండు నాణేలు. అన్నీ ఒక డాల్డా డబ్బాలో.

ఆయన భార్య భ్రమరాంబ పిన్ని ఒక దీపావళికి బిందెలతోపాటు ఆ డబ్బాలోవి అరవై రెండు నాణేలు చింతపండు పెట్టి తళతళా తోమేసింది. పాత నాణేనికి వయసుతో పట్టే రంగే దాని ప్రాణం. అది పోతే కొనేవాడు దాని మొహం చూడడు. బాబాయ్ రెండు రోజులు అన్నం మానేశాడు. "మసి వదలగొడితే ఏడ్చే మొగుణ్ణి మా వంశంలో చూడలా" అని పిన్ని వీధి వీధంతా చెప్పుకుంది.

జీవో వచ్చిన నలభయ్యో రోజున బాబాయ్ డబ్బా చంకన పెట్టుకుని జిల్లా కేంద్రానికి బయల్దేరాడు. సాక్షి ఒకరు ఉండాలన్నారు కాబట్టి నేనూ వెళ్ళాను.

సంస్థ ఆఫీసు పాత పశువుల ఆసుపత్రిలో పెట్టారు. శ్రేణి నిర్ధారణాధికారి తాతపూడి విద్యాధరరావు గారు. అంతకుముందు మత్స్యశాఖలో రొయ్యలకీ చేపలకీ గ్రేడింగ్ చేసేవారు. గ్రేడింగ్‌లో ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడు జిల్లాలో ఆయనొక్కడేనని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు.

"మొత్తం ఎన్ని యూనిట్లు?" అన్నాడాయన.

"యూనిట్లు కాదండి, నాణేలండి. నాలుగొందల పన్నెండు."

"నాణేలో కాదో మేము నిర్ధారించాలి. అంతవరకు అవి యూనిట్లు."

పక్కన టైపు చేసే అమ్మాయి యూనిట్లు అని కొట్టింది.

విద్యాధరరావు గారు చింతపండుతో తోమిన రూపాయిని చిన్న పట్టకారుతో పట్టుకుని దీపం కింద పెట్టి చూసి, కుర్చీలో ముందుకి జరిగాడు. "ఆహా! కన్ను చూడమ్మా, రాజుగారి కన్ను. ఎంత తేటగా ఉంది! ఎక్కడా మబ్బు లేదు. తాజా సరుకు. డెబ్బైకి అరవై ఎనిమిది మార్కులు వెయ్యి."

బాబాయ్ ప్రాణం ఉసూరుమంది. "అయ్యా, అది తోమిందండి. మా ఇంటావిడ తెలీక చింతపండు పెట్టింది. తోమిన నాణేనికి విలువ ఉండదండి."

"పరిశుభ్రతను నేరంగా పరిగణించే నిబంధన మా మాన్యువల్‌లో లేదు" అని ఆయన ఈస్టిండియా కంపెనీవారి కాలం నాటి పావు అణా తీశాడు. బాబాయ్ ప్రాణంగా చూసుకునేది అది. పదేళ్ళు సంతల చుట్టూ తిరిగి సంపాదించాడు. చెయ్యి పడకుండా, కాల్చిన వక్క రంగులో నిగనిగలాడుతోంది. విద్యాధరరావు గారు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. "నల్లబడింది. నిల్వ సరుకు. తొమ్మిది."

బాబాయ్ నా భుజం పట్టుకున్నాడు. పడిపోతాడేమోనని నేను ఆయన నడుం పట్టుకున్నాను.

అలా పదహారు యూనిట్లు అయ్యాయి. పదిహేడోది చిల్లు కాణీ.

విద్యాధరరావు గారు దాన్ని కంటికి అడ్డంగా పెట్టుకున్నాడు. బొక్కలోంచి మమ్మల్ని చూశాడు. దించాడు. "దీనికి చిల్లు ఉంది."

"ఉంటదండి. చిల్లు కాణీ కదండి అది."

"చిల్లు ఉన్నట్టు యజమాని అంగీకరించాడు. టైప్ చెయ్యమ్మా."

"అయ్యా, అది యుద్ధం రోజుల్లోదండి. రాగికి కరువొచ్చి టంకశాలలోనే మధ్యలో బొక్క పెట్టి గుద్దారు. పుట్టుకతోనే చిల్లండి."

"పుట్టుకతో వచ్చిందని ధ్రువపత్రం ఉందా?"

"పందొమ్మిది వందల నలభై మూడండీ! అప్పటికి నేనే పుట్టలా."

"అంటే చిల్లు పడిన సమయంలో మీరు సంఘటనా స్థలంలో లేరు." ఆయన మాన్యువల్ తిప్పాడు. "నిబంధన పధ్నాలుగు, సబ్‌క్లాజు సి. ఏదేని నాణెమునందు ఏదేని భాగము లోపించినచో, సదరు లోపించిన భాగమును యజమాని నలభై ఐదు దినములలోగా సమర్పించవలెను. అంతవరకు సదరు నాణెమును, దానితో ఒకే పాత్రలో నివసించిన ఇతర నాణెములను సంస్థ తన అధీనములో ఉంచుకొనును. సమర్పించనిచో అన్నింటినీ కరిగించును."

"ఒక్క కాణీకి చిల్లుంటే మిగతావాటిని ఎందుకండీ కరిగించడం?"

"సహవాసం" అన్నాడు విద్యాధరరావు గారు.

డబ్బాకి గుడ్డ చుట్టి, లక్క వేసి, పశువుల మందులు దాచే పాత బీరువాలో పెట్టి తాళం వేశారు. బాబాయ్ చేతికి రసీదు ఇచ్చారు. అందులో 'డాల్డా డబ్బా ఒకటి, అనుమానితులు 412' అని ఉంది.

ఊరికొచ్చాక బాబాయ్ అరుగు మీద కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు చూసుకుంటూ ఉండిపోయాడు. పొద్దున్నే డబ్బా ముందేసుకుని పాత బనీను గుడ్డ మీద నాణేలు పరిచే మనిషి. మూడో రోజు పిన్ని వచ్చి గడప దగ్గర కూలబడింది.

"నలభై ఏళ్ళు సవితిని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నట్టే ఉండేది నాకు ఆ డబ్బా" అంది. "ఇప్పుడేంది, ఇంట్లో మనిషి పోయినట్టుంది. లెగువయ్యో, లెగిసి ఏదో ఒకటి చెయ్యి."

బాబాయ్ లేచి, టంకశాలల వ్యవహారం చూసే ఆఫీసుకి సమాచార హక్కు కింద అర్జీ పెట్టాడు. ఇరవై మూడో రోజున జవాబు వచ్చింది: 'తాము పేర్కొన్న మధ్యభాగములు ప్రజలకు జారీ చేయబడలేదు. జారీ చేయబడని వస్తువుల గురించి సమాచారమివ్వజాలము.' బాబాయ్ ఎగిరి గంతేశాడు. టంకశాలలోనే తీసేశారని వాళ్ళే ఒప్పుకున్నట్టయింది కదా! మొదటి బస్సుకే వెళ్ళాం.

విద్యాధరరావు గారు ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది చాలా తీవ్రమైన విషయం. మధ్యభాగాన్ని ప్రభుత్వం ఎవరికీ జారీ చేయలేదు. కానీ అది మీ నాణెంలోంచి పోయింది. ఇప్పటివరకు ఇది లోపం. ఈ ఉత్తరంతో ప్రభుత్వ రాగి అపహరణ అయింది."

"అయ్యా, నా దగ్గర లేని ముక్కని నేనెట్టా అపహరిస్తానండీ?"

"అపహరించినవాళ్ళు ఎవరూ తమ దగ్గర ఉందని చెప్పరు" అన్నాడాయన, జాలిగానే.

ఇంకా ఇరవై రోజులు. ఆ ఉత్తరాన్ని కూడా ఫైలులో పెట్టుకుని, 'దొంగిలించినట్టు ఆధారము' అని పైన పెన్సిలుతో రాశారు.

తిరుగు ప్రయాణంలో మార్కెట్ యార్డు దగ్గర బస్సు దిగి టీ తాగుతుంటే షేక్ మస్తాన్ పలకరించాడు. మస్తాన్‌ది ఎదురుగా చిన్న రేకుల షెడ్డు. ఆయిలు ఇంజన్లకి రాగి వాషర్లు కోసి అమ్ముతాడు. సంగతంతా విని, టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"బొక్కలో ముక్క కావాల, అంతేగా బాబాయ్? వాషరు కోస్తే మధ్యలోంచి రాలి పడేదేంది? ముక్కేగా! నా షెడ్డులో బస్తాడున్నయ్. సైజు చెప్పు."

"ఛీ, నోరు ముయ్" అన్నాడు బాబాయ్. "నకిలీ పట్టుకెళ్ళమంటావా? నలభై ఏళ్ళు దొంగ నాణేలోళ్ళని సంతలో చొక్కా పట్టుకుని నిలేసినోణ్ణిరా నేను!"

"నకిలీ ఎట్టా అయిద్ది? అసలంటూ ఒకటుంటేగా నకిలీ ఉండేది. లేనిదానికి నకిలీ ఏంది బాబాయ్, నీ చాదస్తం కాకపోతే?"

బాబాయ్ టీ సగంలో వదిలేసి బస్సెక్కేశాడు. కానీ ఇంటికొచ్చి ఆ మాట పిన్నికి చెప్పకుండా ఉండలేకపోయాడు. పిన్ని కూర కలుపుతున్న గరిటె అలాగే పట్టుకుని బయటికొచ్చింది.

"ఒక్క అబద్ధం ఇచ్చి నాలుగొందల పన్నెండు నిజాలు తెచ్చుకోడానికి ఇంత ఆలోచనేందయ్యా? నువ్వు పోతావా, నన్ను పొమ్మంటావా?"

మర్నాడు బాబాయ్ మస్తాన్ షెడ్డులో కూర్చుని గంటసేపు ఏరాడు. నలభై ఏళ్ళుగా చూస్తున్న బొక్క కాబట్టి కంటి కొలతతోనే సరిపోయే ముక్క దొరికింది. రూపాయి కూడా తీసుకోకుండా ఇచ్చాడు మస్తాన్. బాబాయ్ దాన్ని రుమాల్లో కట్టుకున్న తీరు చూస్తే ఎలకని పట్టి తీసుకెళ్తున్నట్టుంది.

విద్యాధరరావు గారు లక్క పగలగొట్టి కాణీ తీసి, బొక్కలో ముక్క పెట్టి చూశాడు. టిక్కుమని కూర్చుంది. ఆయన ముక్కని బయటికి తీసి, అటు చూసి, ఇటు చూసి, అద్దం పెట్టి చూశాడు.

"బొమ్మ లేదు. అక్షరం లేదు. ఒక్క గీత లేదు. ఎనభై ఏళ్ళుగా ఎవరి చెయ్యీ పడలేదు. చలామణీ అనేదే ఎరగదు." ఆయన అద్దం దించాడు. "అమ్మా, టైప్ చెయ్యి. డెబ్బైకి డెబ్బై!"

"మరి కాణీకండీ?"

"పదకొండు. చాలామంది చేతులు మారింది."

"నాణెం అన్నాక చేతులు మారదా అండి?"

"అదే దాని పతనానికి హేతువు."

మర్నాడు పేపర్లో వచ్చింది: రాష్ట్రంలో తొలిసారిగా 'నాణెగర్భం' లభ్యం. ఆ మాట విద్యాధరరావు గారే పుట్టించారు. కానీ డబ్బా మాత్రం ఇవ్వలేదు. ఇంత అరుదైన గర్భం దొరికిన నాణేన్నీ, దాని బంధువర్గాన్నీ రాష్ట్ర స్థాయిలో తనిఖీ చేయకుండా వదలడానికి వీల్లేదన్నారు.

ఆ తర్వాత మా జిల్లాలో జరిగింది జరిగినట్టు చెబితే కల్పన అంటారు. చిల్లు కాణీ ఉన్న ప్రతివాడికీ నాణెగర్భం కావాల్సొచ్చింది. లేకపోతే ఇంట్లో ఉన్న నాణేలన్నీ సహవాసం కింద పోతాయి. మస్తాన్ షెడ్డు ముందు చెప్పుల వరస రోడ్డు దాకా పెరిగింది. మొదట అయినవాళ్ళకి ఊరికే ఇచ్చాడు. తర్వాత పది రూపాయలన్నాడు. పదిహేను రోజులకి ఒక్కో ముక్క మూడు వందలు పలికింది. కాణీలు లేనివాళ్ళు కూడా కొని దాచుకున్నారు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు, అబ్బాయి పేర ఎన్ని గర్భాలున్నాయో అడిగి వెళ్ళారు. వాషర్లు మాత్రం ఎవరూ కొనలేదు. ముక్క తీశాక మిగిలిన ఆ బొక్కల బిళ్ళల్ని మస్తాన్ పాత రాగి కింద తూకానికి వేసేశాడు.

ఒకరోజు మస్తాన్ మండిపడుతూ మా ఊరొచ్చాడు. "చూశావా బాబాయ్, మనుషుల్లో నీతి లేకుండా పోయింది! పక్కూరోడెవడో ఇత్తడి రేకు కోసి నా సరుకు పేరుతో దొంగ గర్భాలు అమ్ముతున్నాడు!"

సంస్థ మాత్రం చేతులు కట్టుకుని కూర్చోలేదు. చిల్లు విషయంలో చూపిన శ్రద్ధ మిగతా లోపాల విషయంలో ఎందుకు చూపకూడదని ప్రశ్నించుకుంది. పువ్వు రేకుల్లా అంచు ఉన్న పది పైసల నాణేలు తెచ్చినవాళ్ళని, రేకుకీ రేకుకీ మధ్య కోసేసిన ఎనిమిది ముక్కలు ఎక్కడని అడిగింది. పలకల ఐదు పైసలు తెచ్చినవాళ్ళకి, గుండ్రం కావడానికి అవసరమైన నాలుగు ముక్కలు సమర్పించాలని నోటీసులిచ్చింది. ఆఫీసు ఎదుటి హోటలువాడు భయపడి గారెలకి చిల్లు పెట్టడం మానేశాడు.

చివరికి రాష్ట్ర తనిఖీ నివేదిక వచ్చింది. అందులో కొత్త మెలిక ఒకటి ఉంది. విడిపోయిన గర్భాన్నీ తల్లి నాణేన్నీ శాశ్వతంగా ఒక్కటి చేయాలి. దానికి 'పునరేకీకరణ మహోత్సవం' జరుపుతారు. రాజధాని నుంచి కమిషనర్ గారు వస్తారు. ఆమె సమక్షంలో ముక్కని బొక్కలో పెట్టి టంకం వేసి అతికిస్తారు. అతికాక నాణెం సంపూర్ణం అవుతుంది కాబట్టి డబ్బా తిరిగి ఇచ్చేస్తారు.

"అతికితే అతికించుకోనీ" అంది పిన్ని. "డబ్బా వస్తదిగా."

బాబాయ్ తల అడ్డంగా ఊపి, "ఆ ముసలామె ఇచ్చింది బొక్కతో ఇచ్చింది" అన్నాడు. "దాని మొహాన నిప్పు పెట్టి సీసం పోస్తే ఇంక అది కాణీ కాదు. వాషరు ముక్కని మొయ్యడానికి ఓ చట్రం. నేను చేసిన నకిలీ పనికి అది కాలిపోవాలా?"

పిన్ని మహోత్సవానికి తనూ వస్తానంది.

జిల్లా పరిషత్ హాలు నిండిపోయింది. వేదిక మీద ఎర్రటి పట్టుగుడ్డ. దాని మీద చిల్లు కాణీ, వెండి గిన్నెలో నాణెగర్భం. పక్కనే ఒక కంసాలి పిడకల కుంపటి, ఊదుగొట్టం, పట్టకారు సర్దుకుని కూర్చున్నాడు. విద్యాధరరావు గారు 'మాతృగర్భ వియోగం' మీద పావుగంట మాట్లాడాడు. కమిషనర్ గారు చిరునవ్వుతో తల ఊపింది. కంసాలి పట్టకారుతో కాణీని ఎత్తి మంటకి పెట్టబోయాడు.

"ఆపండి!" అని అరిచాడు బాబాయ్. మైకు అక్కర్లేకపోయింది. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినిపించిన గొంతు అది. "ఆ ముక్క అసలుది కాదండి. ఆయిలింజను వాషర్లోది. నేనే ఏరి తెచ్చా. జైల్లో పెట్టుకోండి. కానీ ఆ కాణీని మాత్రం కాల్చొద్దండి!"

కంసాలి పట్టకారు వెనక్కి తీశాడు. మూడు వందలు పోసి గర్భాలు కొన్నవాళ్ళు వెనక వరసల్లోంచి లేచి నిలబడ్డారు. వాళ్ళ మధ్యలోంచి మస్తాన్ ఎప్పుడు బయటికి జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

కమిషనర్ గారు మాత్రం చెక్కు చెదరలేదు. నీళ్ళు తాగి, మైకు తన వైపు తిప్పుకుంది. "ఈ భాగానికి సంస్థ డెబ్బైకి డెబ్బై ఇచ్చిందా, లేదా?"

"ఇచ్చిందండి" అన్నాడు విద్యాధరరావు గారు.

"సంస్థ నిర్ధారణ అంతిమమని జీవో పీఠికలో ఉందా?"

"ఉందండి."

"అయితే భాగం అసలైనదే. దానిని సందేహించే అధికారం యజమానికే కాదు, నాకు కూడా లేదు." ఆమె బాబాయ్ వైపు తిరిగింది. "ఇది ఈ నాణెంలోది కాదని మాత్రం మీరు చెప్పవచ్చు. చెబుతున్నారా?"

"కాదండి. ముమ్మాటికీ కాదు."

"అసలైన గర్భం తనలోది కాని నాణెం ఏమవుతుంది, విద్యాధరరావు గారూ?"

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "నకిలీ అవుతుందండి!"

"దానితో సహవాసం చేసినవి?"

"సహనకిలీలండి!"

బాబాయ్ వేదిక దగ్గరికి జరిగాడు. "మరి... కరిగిస్తారా అమ్మా?"

"ఎలా కరిగిస్తాం?" అంది కమిషనర్ గారు, నొచ్చుకున్నట్టు. "మాది నాణేల సంస్థ. నకిలీలు నాణేలు కావు. వాటి మీద మాకు ఏ అధికారమూ లేదు. చలామణీలో లేవు కాబట్టి పోలీసులకీ పని లేదు. సంస్థ ప్రాంగణంలో అటువంటివి ఉండటమే అగౌరవం. వెంటనే తీసుకుపొండి."

డబ్బా తెచ్చి బాబాయ్ ముందు పెట్టారు. ఒక గుమాస్తా నాలుగు వందల పన్నెండు కాగితాల మీద వరసగా 'నకిలీ' అని ముద్ర వేస్తున్నాడు. అంతా సవ్యంగా జరిగిపోయేదే. కానీ కంపెనీవారి పావు అణా కాగితం మీద ముద్ర పడటం చూసేసరికి బాబాయ్‌లో నలభై ఏళ్ళుగా నాణేలు చూసిన మనిషి లేచాడు.

"కాణీ సంగతి సరేనండి. కానీ ఈ పావు అణా మాత్రం... దీన్ని నకిలీ అంటే ఎట్టా అండీ? అంచు చూడండి, ఆ అక్షరం చూడండి, ఇంత నిఖార్సయిన—"

పిన్ని ఆయన కాలు తొక్కింది. బాగానే తొక్కింది.

"నకిలీయేనండి" అన్నాడు బాబాయ్, కళ్ళల్లో నీళ్ళతో. "పచ్చి నకిలీ."

బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా మూత మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

మర్నాడు సంస్థ గేటు తెరిచేసరికి జిల్లాలో నాణేలు పోగుచేసే ప్రతి మనిషీ లైన్లో ఉన్నాడు. అందరి చేతిలో ఒకటే అర్జీ: మా దగ్గరున్నవి నకిలీలని ధ్రువీకరించి విడిచిపెట్ట ప్రార్థన. ఒక రిటైర్డు తెలుగు మాస్టారు తన శాతవాహనుల సీసపు నాణేలు నకిలీవని మూడు పేజీల్లో రుజువు చేసుకుని తెచ్చాడు. రెండు నెలల్లో జిల్లాలో ఉన్న పాత నాణేలన్నీ నకిలీలయ్యాయి. అసలైనవిగా మిగిలినవి, ప్లాస్టిక్ డబ్బీల్లో సీలు వేసిన వెయ్యీ తొమ్మిది వందల వాషరు ముక్కలు. ఏది అసలో ఏది నకిలీయో ఒక్క యూనిట్ కూడా మిగలకుండా తేల్చిన జిల్లా దేశంలో ఇదొక్కటేనని విద్యాధరరావు గారికి శాలువా కప్పారు.

ఆ శాలువా కప్పిన వారానికి, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మా ఊరొచ్చాడు. ఆఫీసు జీపులో కాదు, ఆటోలో. బాబాయ్ అరుగు మీద నాణేలు పరుచుకుని ఉన్నాడు. ఆయన్ని చూసి గబగబా బనీను గుడ్డ కప్పబోయాడు.

"వద్దులెండి, నేను పని మీద రాలేదు" అన్నాడు విద్యాధరరావు గారు. చెప్పులు విప్పి, పక్కన కూర్చుని, జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. అందులో వెండి రూపాయి. "మా అమ్మ పోయే ముందు నా చేతిలో పెట్టింది. వాళ్ళమ్మ ఇచ్చిందట. అసలుదో కాదో చెబుతారా?"

"నన్నడుగుతారేందండీ, అంత ఆఫీసు పెట్టుకుని?"

ఆయన వీధి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నాకు చేపలే తెలుసండి."

బాబాయ్ రూపాయిని అరచేతిలో వేసుకుని బరువు చూశాడు. వేళ్ళ మధ్య తిప్పి అంచు తడిమాడు. వేలి కొన మీద నిలబెట్టి ఇంకో నాణెంతో మెల్లగా తట్టాడు. సన్నటి మోత ఒకటి లేచి, అరుగు మీద కాసేపు నిలిచి సద్దుమణిగింది.

"అసలుదండి. మంచి వెండి. మీ అమ్మగారు ఎక్కడా తోమను కూడా లేదు."

విద్యాధరరావు గారు రూపాయిని మళ్ళీ పొట్లం కట్టి, బొడ్డు దగ్గర లోపలి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత సంచిలోంచి ఫారం, స్టాంపు పాడ్ తీశాడు. యజమాని అన్నచోట తన పేరు తనే రాసుకుని, అటూ ఇటూ చూసి, 'నకిలీ' అని గట్టిగా ముద్ర గుద్ది, అప్పుడు పిన్ని ఇచ్చిన కాఫీ అందుకున్నాడు.